వద్దు కాదు, చాలు

దగ్గరికి జరుగు, కాళ్లు ముడుచుకుని కూర్చో. ఇది గరిట కథ.

గరిట అంటే వంటింట్లోది కాదు, సీక్రెట్ సర్వీసులో ఒక ఏజెంటు. ఏ మిషన్‌కి పంపినా వంటవాడి వేషమే వేసేవాడు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. ఒకరోజు పొద్దున్నే చీఫ్ అతన్ని పిలిపించి ఫైలు ముందుకు తోశాడు. సరిహద్దుకు వెళ్లాల్సిన రెండు వందలమంది సైనికులకు ట్రైనింగ్ క్యాంపులో నెల రోజులుగా తిండి సయించడం లేదు. మనిషికి ఆరేసి కిలోలు తగ్గారు, తుపాకి ఎత్తితే చేతులు వణుకుతున్నాయి. శత్రుదేశపు ముఠా పనేనని తేల్చి వంటవాణ్ణి పట్టుకున్నారు. మధ్యాహ్నం పన్నెండింటికి మిలిటరీ కోర్టు అతనికి మరణశిక్ష వేయబోతోంది.

"వాడు తిండిలో ఏం కలిపాడో కనిపెట్టు. అక్కడ నర్సుగా ఉన్నావిడ మన ఏజెంటే. కోడ్ వర్డ్, 'చెంచా ఎక్కడ?'"

గరిట ఫైల్లో ఫొటో చూశాడు. ఆ వంటవాడు సొంత బావ. చెబితే మిషన్ నుంచి తప్పిస్తారని ఫైలు మూసి బయల్దేరాడు.

క్యాంపు చేరేసరికి తొమ్మిదిన్నర. నర్సు సినిమా తారలా ఉంది. చెంచా ఎక్కడని అడిగితే "జేబులో" అని నవ్వి, నేరుగా వంటింటి దారి చూపించింది. గరిట చేతి గడియారం విషం తగిలితే ఎర్రబడుతుంది. బియ్యంలో పెట్టాడు, నూనెలో ముంచాడు, ఉప్పుకి ఆనించాడు. ఎర్రబడలేదు. పదిన్నర దాటింది. కాలు కాలిన పిల్లిలా వంటిల్లంతా తిరిగి, చివరికి ఖైదీకి భోజనం తెచ్చానని చెప్పి లాకప్‌లోకి వెళ్లాడు.

"వచ్చావా బావమరిదీ? చచ్చేముందు నీ వంట కూడా తినాలా?"

"వేళాకోళం ఆపు బావా. ఏం కలిపావు?"

"ఉప్పు కలిపాను. ఒరేయ్, వంట బాగోకపోతే 'వద్దు' అంటారు, కంచం తోస్తారు, నన్ను తిడతారు. వీళ్లు రెండు ముద్దలు తిని 'చాలు' అంటున్నారు. పైగా బాగుందంటున్నారు."

ఆ మాట గరిటను ముల్లులా గుచ్చింది. బయటికొచ్చి బూటు మడమలోని రేడియోలో హెడ్ ఆఫీసు డాక్టరమ్మని పిలిచాడు. ఆవిడ విడమరిచి చెప్పింది. పొట్ట ఖాళీ అయితే ఒక హార్మోన్‌ని పంపి, అన్నం పెట్టమని మెదడు తలుపు తడుతుంది. తిండి పేగుల్లోకి దిగగానే పేగులు వేరే హార్మోన్లని పంపుతాయి, ఇక చాలని. ఒంట్లో కొవ్వు కూడా తన నిల్వ ఎంతుందో కబురు పెడుతూనే ఉంటుంది. ఆకలీ బరువూ చాలావరకు ఈ కబుర్ల మీదే నడుస్తాయి. ఇక్కడెవరో దొంగ 'చాలు' పంపుతున్నారు.

"అన్నంలో కలిపారంటారా?"

"కలిపితే పొట్ట దాన్నీ అన్నంతో పాటు అరిగించేస్తుంది. సూదితోనే ఎక్కించాలి."

సూది. సైనికులకు వారం వారం విటమిన్ ఇంజెక్షన్ ఇస్తున్నది నర్సేనని ఫైల్లో ఉంది. టైము పదకొండు యాభై.

గరిట పరుగెత్తాడు. ఆసుపత్రి గదిలో సైనికులు చొక్కా చేతులు మడిచి వరసలో నిలబడ్డారు. సూది మొదటివాడి చర్మానికి ఆనేలోపు నర్సు మణికట్టు పట్టుకున్నాడు.

"విటమినే కదా, ముందు మీరు పొడుచుకోండి."

ఆమె నవ్వు చెరగలేదు. రెండో చెయ్యి మాత్రం పౌడరు డబ్బాలోకి పోయింది. అందులో పౌడరు లేదు, బుల్లి పిస్తోలు ఉంది. గరిట ట్రాలీని తన్నాడు, గుండు పైకప్పుకి తగిలింది. నీరసంగా ఉన్నా పదిమంది సైనికులు ఒక్కసారిగా మీద పడి ఆమెను పట్టుకున్నారు. గోటితో సీసా మీది విటమిన్ లేబుల్ గీకితే, కింద శత్రుదేశపు లిపి. మన దగ్గర జీతం, వాళ్ల దగ్గర ఉద్యోగం.

జడ్జి సంతకానికి కలం ఎత్తేసరికి ఆ సీసా కాగితం మీద టక్కున పడింది.

పది రోజుల్లో మందు ప్రభావం పూర్తిగా దిగిపోయింది. బావ ఫోన్ చేశాడు.

"ఒరేయ్, ఆ నర్సమ్మని ఒక్క పూట పంపించు. గిన్నెల్లో అన్నం అయిపోయింది, ఇప్పుడు వీళ్లు నా వంక చూస్తున్నారు."

అదీ కథ. గుర్తుపెట్టుకో. రేపు నువ్వెవరికైనా చెబితే, బావ మాటలు బావ గొంతుతోనే చెప్పు.