మహిమ చరణం

ఆదివారం ఉదయం 10:50. ఇస్నాపూర్ చర్చిలో, ఆఖరి పాటకు ముందు వెనక గదిలో పెట్టిన పాటల పుస్తకం మాయమైంది.

చేతిరాత పుస్తకం. తెలుగు కీర్తనలను ఇంగ్లండు పెద్ద చర్చిల పద్ధతిలో ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో వెనకటికి ఒక దొర గుర్తులు పెట్టి పోయాడు. రెండో కాపీ లేదు.

ఆ గదిలో ఫ్యాను బాగుచేయడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ జీషాన్‌ను లాకప్‌లో వేశారు. సాక్షి ఒక్కడే. క్వయర్‌లో, అంటే చర్చి పాటల బృందంలో, ముప్పై ఏళ్లుగా పాడుతున్న పెద్దరాములు.

జీషాన్ తల్లి హాజిరా స్టేషన్ మెట్లు దిగలేదు. సోమవారం రెండింటికి ఫ్యాక్టరీ షిఫ్టుకు పోకపోతే కొడుకును కాంట్రాక్టర్ పనిలోంచి తీసేస్తాడు.

సోమవారం మధ్యాహ్నం 12:30. ఎస్సై లింగం క్వయర్‌ను చర్చికి పిలిపించాడు. పుస్తకం జీషాన్ సంచిలో దొరకలేదు. అతను ఉండే గదిలో దొరకలేదు. పన్నెండు మందిని అడిగితే పదకొండు మందిది ఒకటే జవాబు.

"పాడుతున్నం సార్. ఏం చూడలే."

లింగానికి తల పగిలిపోతోంది.

"పెద్దరాములూ, ఎప్పుడు చూసినవ్?"

"10:40కి సార్. ఆఖరి మహిమ చరణం పాడుతుంటే పోరడు వెనక గదిలకెళ్లి సంచితోటి ఉరికిండు. నా కండ్లతోటి చూసిన."

"ఏడ నిలబడి?"

"నా జాగల్నే. వరుసల."

"అయితే పాడుండ్రి. నిన్నటి లెక్కనే."

క్వయర్ లీడర్ సుమిత్ర విసుక్కుంది. "పుస్తకం లేకుంట ఎట్ల సార్? ఆఖరి పాట ఒక్కటే నోటికొస్తది."

"అదే పాడమ్మా."

ఆరుగురు ఇటు, ఆరుగురు అటు, ఎదురెదురుగా నిలబడ్డారు. ఒక చరణం వీళ్లు, ఒకటి వాళ్లు. కీర్తన చివర దేవునికి మహిమ చెప్పే మహిమ చరణం మొదలైంది. పన్నెండు మందీ ఒక్కసారిగా ముందు శిలువ ఉన్న ఆల్టర్ వైపు తిరిగారు.

వెనక గది తలుపు అందరి వీపుల వెనక ఉంది.

"ఆగుండ్రి. ఎందుకు తిరిగిన్రు?"

"మహిమకు తిరుగుతం గద సార్," అంది సుమిత్ర.

"నిన్న చెప్పలేదేం?"

"అండ్ల చెప్పేదేముంది? ఎప్పుడూ తిరిగేదే."

పెద్దరాములు ఇంకా ఆల్టర్ వైపే చూస్తున్నాడు.

"నీ వీపుకు కండ్లున్నయా పెద్దరాములూ?"

1:50కి అతని స్కూటర్ డిక్కీలో పుస్తకం దొరికింది.

"గొంతు పోయిందన్నది సార్ సుమిత్రమ్మ. వచ్చే వారం నుంచి బెంచీల కూసోమన్నది. పుస్తకం లేకుంట ఎట్ల పాడుతరో చూద్దామనుకున్న."

"జీషాన్ ఏం చేసిండు నిన్ను?"

"ఏం చెయ్యలే. ఆడ కనబడ్డడు."

2:20కి కానిస్టేబుల్ ఫోన్. జీషాన్‌ను వదిలారు. ఫ్యాక్టరీ గేటు దాకా పోయాడు. అప్పటికే కాంట్రాక్టర్ వేరేవాణ్ని పెట్టుకున్నాడు.

సుమిత్ర దగ్గరికి వచ్చింది. "పుస్తకం దొరికింది గద సార్. పెద్దమనిషి. కేసు వద్దు, ఇడిసిపెట్టుండ్రి."

"మీ పుస్తకం దొరికింది. వాని కొలువు దొరికిందా?"

లింగం కేసు కాగితం ముందు పెట్టుకుని పెన్ను మూత తీశాడు.

"తండ్రి పేరు చెప్పు పెద్దరాములూ."