తలుపు మీద తెల్లటి వేళ్లు

ఆ మూడో బిల్డింగు మెట్లకి మంచి పేరు లేదు. ఈ కొత్త ఊళ్లో అందులోనే అద్దెకి దిగిన రోజే, సామాను ఇంకా మెట్ల మీద ఉండగానే ఆ సంగతి నా చెవిన పడింది.

"కరెంటు పోయాక ఎవరు తట్టినా తలుపు తియ్యకమ్మాయ్," అంది ఎదురింటి పిన్ని, గొంతు తగ్గించి.

ఎప్పుడో ఒక వానరాత్రి వచ్చిందట ఒకావిడ... జుట్టు విరబోసుకుని, చీర నుంచి నీళ్లు కారుతూ. ఒక్కో తలుపూ తడుముతూ, "నా బిడ్డ లోపలుందా?" అని అడిగిందట. ఎవరూ తియ్యలేదు. తెల్లారి చూస్తే ప్రతి తలుపు మీదా తెల్లటి వేళ్ల గుర్తులు. అప్పట్నుంచీ వానకి కరెంటు పోతే చాలు, మళ్లీ వస్తుందట. మనిషి తలుపంత ఎత్తట.

నేను బుద్ధిగా తలూపాను గానీ, తెల్లటి వేళ్లు అనగానే చేతిలో సామాను కింద పెట్టేశాను. ఈ కథ నాకు తెలుసు. పిన్నిది తలుపు లోపల విన్న కథ. నేను విన్నది తలుపు బయటి కథ.

ఆమె టైలరు. కాజాలు కుట్టే పని దొరికిందని, చంటిబిడ్డని చంకనేసుకుని ఈ ఊరొచ్చింది. మొగుడు పోయాడు, వెనకా ముందూ ఎవరూ లేరు. ఇదే వరసలో, రెండో బిల్డింగులో గది. దిగిన సాయంత్రమే బిడ్డకి ఒళ్లు కాలిపోయే జ్వరం. బిడ్డ కాస్త నిద్రలోకి జారాక, మందు తెద్దామని బయట గడియ పెట్టి బయల్దేరింది. బిల్డింగులన్నీ ఒకే అచ్చు, ఒకే రంగు. గుర్తుండాలి కదా — కాజా ఎక్కడ రావాలో బట్ట మీద గీసినట్టే, తలుపు మీద సుద్దతో అడ్డగీత గీసింది.

చీకట్లో సుద్దగీత కనపడదని ఆమెకి తోచలేదు.

మందు పట్టుకుని వచ్చేసరికి వాన. కరెంటు లేదు. పరుగున మెట్లెక్కి, చేత్తో తలుపులు వెతికింది. బయట గడియ పెట్టినది ఒక్కటే దొరికింది. తీసింది...

లోపల బిడ్డ లేదు. బొంత లేదు. తెచ్చుకున్న సంచీ లేదు. ఎన్నాళ్లుగానో మూసి ఉన్న ఇంటి దుమ్మువాసన.

అంతే, మతి పోయింది. తలుపు తలుపుకీ పరిగెత్తింది. పిడికిట్లో సుద్దముక్క తడిసి పిండైపోయిన సంగతే తెలీదు. తట్టింది. బతిమాలింది. అరిస్తే భయపడతారేమోనని గొంతు నొక్కుకుని మరీ అడిగింది. లోపల మనుషులున్నారు... గుసగుసలు వినపడుతూనే ఉన్నాయి.

"తియ్యకు... పలక్కు."

ఒక ఇంట్లో ఎవరో గడియ మీద ఇంకో గడియ వేశారు.

అలా ఎంతసేపో. చివరికి మెట్ల కిటికీ దగ్గర కూలబడితే, వాన చప్పుడు మధ్య, పక్కనున్న రెండో బిల్డింగులోంచి సన్నగా ఏడుపు...

ఆ బిడ్డని నేనే. ఆ దెయ్యం మా అమ్మ. తెల్లారీ తెల్లారకముందే నన్నెత్తుకుని ఊరు వదిలేసింది. మనిషి నా భుజం దాకా కూడా రాదు.

రాత్రి ఫోన్లో చెబితే పడీపడీ నవ్వింది. "తలుపంత ఎత్తా? అంతెత్తే ఉంటే పై అరలో బట్ట తానులు అందక ఓనరు చేత తిట్లెందుకు తినేదాన్నే?" అంది.

ఆ నవ్వులోనే వాన మొదలైంది. కరెంటు పోయింది.

మెట్ల మీద అడుగులు... నా తలుపు దగ్గర ఆగాయి. చెక్క మీద తడిచెయ్యి పాకుతున్న చప్పుడు.

"నా బిడ్డ లోపలుందా?"

ఆ గొంతు నాకు తెలుసు. అదే గొంతు ఫోన్లో, "ఏమైందే, పలకవేం?" అంటోంది.

ఎదురింట్లో పిన్ని గడియ మీద గడియ వేసుకోవడం వినపడింది.

"అమ్మా... నువ్వొచ్చావే," అన్నాను ఫోన్లోకి.

 బయట ఆ చెయ్యి తలుపు తట్టింది, నెమ్మదిగా... నిద్రపోయే బిడ్డ ఎక్కడ లేస్తుందోనన్నట్టు.

"తియ్యవే," అంది అమ్మ. ఇప్పుడు నవ్వడం లేదు. "అది ఆ రాత్రి నాటి నేనే. అప్పట్నుంచీ తిరుగుతోంది. ఒక్కరైనా తియ్యాలిగా."

లేచి గడియ తీశాను. చీకట్లోకి అన్నాను —

"ఉన్నానమ్మా. లోపలే ఉన్నాను."