మొహమాటపు ముక్క

ఆరో బల్ల తేల్చేసింది. ఆఖరి రొయ్యవడ ఉన్న తిరుగుడు పళ్ళెం, భ్రమణి, మెల్లగా తిరిగి, కళ్ళద్దాల పెద్దాయన ముందు ఆగింది. "అబ్బే, నాకెందుకూ" అంటూనే ఆయన నోట్లో వేసుకున్నాడు. గదిలో ఉన్నవాళ్ళ నాడినీ ఊపిరినీ చదివి, ఎవరి ఆశరేఖ ఎక్కువైతే వాళ్ళ వైపు పళ్ళెం తిప్పడమే 'పంక్తి' అనే యంత్రం పని. మనుషులు మొహమాటపడి వదిలేసే ఆఖరి ముక్క పంక్తికి మహా ఇష్టం. అసలు కోరిక బయటపడేది అక్కడే.

నూకరత్నం ఖాళీ భ్రమణి తీసి ఏడో బల్ల వైపు నడిచింది. కిటికీ కింద సముద్రం స్తంభాలను తడుపుతోంది. ఒకప్పుడు అక్కడ భీమిలి బస్టాండు ఉండేది. 'పొత్తు' భోజనశాలకు ఆమె పదకొండేళ్ళుగా సారథి. ఆమె మెడలో మౌనపట్టీ ఉంది. వడ్డించేవాళ్ళ ఆకలి పంక్తి కంట పడకుండా అందరికీ అలాంటివి ఉన్నాయి. సారథిది తల్లిపట్టీ. అది తీస్తే మిగతావన్నీ తెరుచుకుంటాయి. ఇంతవరకూ ఎవరూ తీయలేదు.

గోడ మీది పన్నెండు వంటకాల్లో ఒకటి ఆమెది, ఆవపెట్టిన పనసపొట్టు. దాని కింద ఆమె పేరుంది. ఈ మధ్యాహ్నంతో ఆ పేరు ఉంటుందో పోతుందో తేలిపోతుంది. దాని చోటుకి పోటీ వచ్చింది పైడిశ్రీ వండిన వాక్కాయ వంజరం. నెల రోజుల ఆశరేఖలు కూడితే రెండూ సరిసమానం. మిగిలింది ఏడో బల్ల ఒక్కటే.

పైడిశ్రీకి పోపు పెట్టడం నేర్పిందే నూకరత్నం. ఆవాలు చిటపటలాడకముందే కరివేపాకు వేసి ఏడ్చిన పిల్ల! ఏకు మేకై కూర్చుంది. ఆ పిల్ల వంటగదిలో నవ్వినా నూకరత్నానికి ఒళ్ళు మండేది. మూడు నెలలుగా "ఒక్కపాలి నోట్లో ఎట్టుకుని సెప్పప్పా" అని బతిమాలుతుంటే, "నాకు సేప పడదే" అని అబద్ధమాడింది. బాగుంటుందేమోనన్న భయం తప్ప మరే జబ్బూ లేదు.

ఏడో బల్ల దగ్గర నలుగురు. పనసపొట్టు ముద్దొకటి, వంజరం ముక్కొకటి మిగిలాయి.

"మీరు కానివ్వండి వదినగారూ."

"అయ్యో, నాకు చాలు. మీరే తీసుకోండి."

రెండు భ్రమణులూ కదిలాయి. ముందు పనసపొట్టు ఆగింది, వదినగారి ముందు. గోడ మీద ఆమె ఆశరేఖ మధ్యస్థంగా వెలిగింది. వంజరం ఇంకా తిరుగుతోంది. అది ఆగకముందే పళ్ళెం ఎత్తేస్తే లెక్కలోకి రాదు. "శుభ్రం చేస్తున్నాను" అంటే అడిగేవాడు లేడు. నూకరత్నం చెయ్యి పళ్ళెం అంచు మీద పడింది.

అప్పుడు వాసన తగిలింది. వేయించిన మెంతుల వెనక, వాక్కాయ పులుపు కింద, ఇంకేదో ఉంది. కొబ్బరి చిప్ప కాల్చి ఆ పొగ పట్టించింది. ఈ ముండకి ఆ సంగతి ఎలా తట్టింది? తనకెందుకు తట్టలేదు? కుళ్ళుతో కడుపు రగిలిపోయింది, ఆ మంటలోనే నోట్లో నీళ్ళు ఊరాయి. వంటగది గుమ్మంలో పైడిశ్రీ కొంగు నలుపుకుంటూ నిలబడి ఉంది.

నూకరత్నం మెడ వెనక్కి చెయ్యి పోనిచ్చి తల్లిపట్టీ ఊడదీసింది.

వంజరం భ్రమణి ఒక్క క్షణం తడబడి, నేరుగా ఆమె వైపు తిరిగి ఆగింది. గోడ మీది రేఖ ఎన్నడూ చూడనంత ఎత్తుకు లేచింది. ఆమె నిలబడే తినేసింది. గోడ మీద పనసపొట్టూ దాని కింది పేరూ చెరిగిపోయి, వాక్కాయ వంజరమూ పైడిశ్రీ పేరూ వచ్చాయి.

"ఎలగుందప్పా?" గుమ్మంలోంచి అడిగింది పైడిశ్రీ.

"నాకన్నా బాగా సేసినావే. ఏడుపొస్తంది నాకు." నిజంగానే ఏడుస్తోంది.

అప్పటికే మిగతా బల్లల మీద భ్రమణులన్నీ కదలడం మొదలుపెట్టాయి. కూర్చున్నవాళ్ళను వదిలేసి, ఒక్కొక్కటే గోడల వైపు తిరిగి ఆగాయి. పొద్దున్నుంచీ ఏమీ తినకుండా చేతులు కట్టుకుని నిలబడ్డ వడ్డనవాళ్ళు అక్కడున్నారు. అతిథులు మొదటిసారి తలెత్తి వాళ్ళ ముఖాలు చూశారు.

"సారథీ, పట్టీ వెంటనే ధరించండి" అంది చెవిలో పంక్తి.

"ధరించను. ముందు మావోళ్ళని తిననీ."

ఏడో బల్ల వదినగారు లేచి, తన కుర్చీ వెనక్కి లాగింది. "కూర్చోండమ్మా," అంది, పనసపొట్టు పళ్ళెం నూకరత్నం వైపు జరుపుతూ.