సగం నిండిన ట్యాంకు

తెల్ల చొక్కా భుజానికి మూడో బంగారు పట్టీ కుట్టి, దారాన్ని పంటితో తెంపి, టైలరమ్మ గడియారం వంక చూసింది. ఎనిమిదిన్నర. కూతురి ప్రాజెక్టు వైవా పదకొండింటికి. మహాతల్లి ఇంకా ముసుగు తియ్యలేదు.

ఆ వీధి చివర ఓడల కాలేజీ ఉంది. ఒక బిల్డింగులో ఓడ నడపడం నేర్పుతారు, పక్క బిల్డింగులో ఓడకి నమూనా గీయడం నేర్పుతారు. నడిపే పిల్లలకీ వాళ్ళ మాస్టర్లకీ యూనిఫారాలు కుట్టేది ఈమే. టైలరమ్మ అని పేరు పెట్టింది ఆ పిల్లలే. మూడు పట్టీలంటే చీఫ్ ఆఫీసరు. ఆమె భర్త భుజాల మీదా మూడే ఉండేవి. ఎనిమిదేళ్ళ క్రితం ఆయన ఓడ రేవు దాటగానే మలుపులో పక్కకి ఒరిగిపోయింది. అందరినీ పడవల్లోకి దింపి ఆయనొక్కడే ఉండిపోయాడు. ఆ రోజు నుంచీ ఆమెకి ఏడుపు రాలేదు. నవ్వూ అంతే. మూడు పట్టీలు కుడుతుంటే చేతులు వణకాలి కదా, వణకవు. వేలికి సూది దిగినా రక్తం చూశాకే తెలుస్తుంది. మనిషి తిరుగుతోంది, పని చేస్తోంది, ఇంకేం కావాలని ఊరుకుంది.

"అమ్మాయ్, మన ఇంజనీరు లేచిందా?" అని వరండాలోంచి మావగారు కేకేశాడు. నలభై ఏళ్ళు ఓడలకి వెల్డింగు చేసి రిటైరైన మనిషి. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. "ఎదురింటాయనకి ఇప్పుడే చెప్పి వచ్చా. కంపెనీవాళ్ళు తుక్కు ఓడ అంటగట్టి నా కొడుకుని చంపారని ఇవాళ నా మనవరాలు కాగితం మీద నిరూపిస్తుందని!"

ఆ తుక్కు ఓడ మాటే ఆ ఇంటికి దూలం. కంపెనీ నుంచి విచారణ రిపోర్టు పోస్టులో వస్తే, "దొంగ చేతికి తాళాలిచ్చినట్టు, వాళ్ళ తప్పు వాళ్ళే రాసుకుంటారా?" అని కవరు విప్పకుండానే తిప్పి పంపేశాడు ముసలాయన. ఓడ నడిపే చదువు చదువుతానని పిల్ల పట్టుబడితే, టైలరమ్మ ఒక్కటే మాట అంది: "నేల మీద కూర్చుని ఓడలు గీసుకో." పిల్ల సరేనంది. ఆఖరి ఏడు ప్రాజెక్టుకి మాత్రం ఏరికోరి నాన్న ఓడనే తీసుకుంది. తాత మాట నెగ్గించాలని.

టైలరమ్మ గదిలోకి వెళ్ళి దుప్పటి లాగింది. పిల్ల కళ్ళు తెరిచే పడుకుని ఉంది.

"లే, స్నానం చెయ్యి."

"నేను వెళ్ళనమ్మా."

"ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. వెళ్ళను. ఫెయిల్ చేస్తే చెయ్యనీ."

నాలుగేళ్ళ చదువు గంగపాలవుతుంటే ఇంకో తల్లయితే లబోదిబోమనేది. టైలరమ్మకి లోపల ఏమీ కదల్లేదు. మంచం అంచున కూర్చుని దుప్పటి మడతపెట్టడం మొదలెట్టింది. "ఎందుకో చెప్పు," అంది.

"ఓడ తుక్కుది కాదమ్మా." పిల్ల లేచి కూర్చుంది. "కాలేజీ లైబ్రరీలో ఆ విచారణ రిపోర్టు దొరికింది. రేకులూ, అతుకులూ అన్నీ బాగున్నాయి. మూడుసార్లు లెక్క కట్టా. ఓడ నిలకడగా ఉండాలని అడుగున పెద్ద ట్యాంకుల్లో సముద్రపు నీళ్ళు నింపుతారు. రెండు ట్యాంకులు సగమే నింపి బయల్దేరారు. నింపించాల్సింది చీఫ్ ఆఫీసరు. అంటే నాన్న."

"సగమా?"

"సరిగ్గా సగం."

దుప్పటి మీద టైలరమ్మ చెయ్యి ఆగిపోయింది.

గుమ్మంలో టీ గ్లాసు ఖణేల్మంది. ముసలాయన ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో ఏమో!

"ఏమన్నావ్? కన్నతండ్రి తప్పని రాశావా? ఇంటి గుట్టు లంకకి చేటని ఊరికే అనలేదు!"

"అందుకేగా తాతయ్యా వెళ్ళనంటున్నా! అబద్ధం రాయలేను. నిజం నలుగురి ముందూ చదవలేను. నన్నేం చెయ్యమంటావ్?"

"నీళ్ళు సగముంటే ఓడ పడిపోతుందా? నలభై ఏళ్ళు ఓడల్లో పొర్లినవాణ్ణి, నాకా చెప్తున్నావ్ కాకమ్మ కబుర్లు?"

పిల్ల వంటింట్లోకి వెళ్ళింది. గ్లాసులు సర్దే వెడల్పాటి ట్రే తీసి, సగం దాకా నీళ్ళు పోసి, తెచ్చి తాత చేతుల్లో పెట్టింది.

"నడు తాతయ్యా. నిండుకుండ తొణకదని నువ్వే అంటావుగా. అసలు నీళ్ళే లేకపోయినా తొణకదు. ఈ సగంతోనే గొడవ."

ముసలాయన రోషంగా నడిచాడు. తిన్నగా ఉన్నంతసేపూ బానే ఉంది. బీరువా దగ్గర మలుపు తిరిగాడో లేదో, నీళ్ళన్నీ ఒక్క ఉరుకున ఓ పక్కకి చేరి ట్రేని లాగేశాయి. ఆపుదామనుకునేలోపే పాదాల మీద కుమ్మరించాయి.

"మలుపులోనేనా?" అన్నాడు తడిసిన పాదాల వంక చూసుకుంటూ.

"మలుపులోనే తాతయ్యా."

ఆయన తడి నేల మీదే కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. అప్పుడు టైలరమ్మ మాట్లాడింది, చొక్కా కొలతలు చదివినట్టు, ఎత్తూ పల్లం లేకుండా.

"ఆ రోజు ఫోన్ చేసింది నేను. దీనికి నూట మూడు జ్వరం. నాన్నా నాన్నా అని ఒకటే కలవరింత. 'ట్యాంకులు నింపిస్తున్నా, సగం అయ్యాయి, ఆపించి వచ్చా, పిల్లకి ఫోనివ్వు' అన్నారు. అరగంట మాట్లాడారు. ఇంతలో రేవు దాటించే పైలట్ ఎక్కాడని, బయల్దేరాలని ఫోన్ పెట్టేశారు. ఆ మిగతా సగం ఏమైందో నేనెవర్నీ అడగలేదు. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని." ఆమె మావగారి వైపు తిరిగింది. "తుక్కు ఓడని మీరు అరుస్తుంటే నాకు నిశ్చింతగా ఉండేది మావయ్యగారూ. మీరు ఆపకూడదని దణ్ణం పెట్టుకునేదాన్ని."

గుమ్మం అవతల కుట్టుమిషను పక్కన మూడు పట్టీల చొక్కా కుర్చీకి వేలాడుతోంది.

"పిచ్చితల్లీ," అన్నాడు ముసలాయన. "పిల్లకి జ్వరమొస్తే మొగుడికి కాక ఎదురింటాయనకి చేస్తావా ఫోన్?"

పిల్ల వచ్చి తల్లి ఒళ్ళో తల పెట్టింది. "ఆ ఫోన్ నాకు గుర్తుందమ్మా. తిమింగలానికి జ్వరమొస్తే థర్మామీటరు ఎంత పొడుగుండాలని అడిగారు నాన్న. మన వీధంత అన్నా. చాలదు, కాలేజీ దాకా ఉండాలన్నారు. నాన్న గొంతంటే నాకు వినిపించేది అదొక్కటే. నువ్వు చెయ్యకపోతే నాకు అదీ లేదు."

టైలరమ్మ కూతురి జుట్టు నిమిరింది. కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి.

ముసలాయనే తేరుకున్నాడు. "సరే, తప్పు నా కొడుకుదే. అయినా ఒక్క మనిషి మర్చిపోతే ఓడంతా పడిపోవడమేనా? గీసినవాడికి బుద్ధుండక్కర్లా?"

పిల్ల చటుక్కున తలెత్తింది. "నా ఆఖరి చాప్టరు అదే! ట్యాంకు మధ్యలో నిలువుగా ఒక్క గోడ ఉంటే చాలు తాతయ్యా. సగం నీళ్ళున్నా ఒక్కసారిగా ఒక పక్కకి ఉరకవు. లెక్క ప్రకారం నాన్న ఓడ నిలబడేది."

ముసలాయన పరుగులాంటి నడకతో వెళ్ళి పనిముట్ల పెట్టెలోంచి రేకు ముక్క తెచ్చాడు. రెండు కొసలూ వంచి ట్రే మధ్యలో బిగించాడు. మళ్ళీ నీళ్ళు పోయించుకుని నడిచాడు. బీరువా దగ్గర తిరిగాడు. నీళ్ళు వణికాయి, గోడకి తగిలి సర్దుకున్నాయి. ఒక్క చుక్క కింద పడలేదు.

"ఇలాంటి గోడలు ఎన్ని వందలు అతికానో," అన్నాడు ట్రేలోకి చూస్తూ. "ఎందుకని ఒక్కనాడూ అడగలేదు. లేవే, స్నానం చెయ్యి. ఈ ట్రే నేను పట్టుకొస్తా, మీ మాస్టర్ల ముందు నడిచి చూపిస్తా."

పది దాటింది. పిల్ల హడావుడిగా తయారైంది. చొక్కా గుండీ ఊడి వేలాడుతుంటే, ఒంటి మీద ఉండగానే కుట్టేస్తానని టైలరమ్మ సూది అందుకుంది.

"అబ్బా!"

ఆ కేకకి అందరికంటే ముందు ఉలిక్కిపడింది తనే. వేలి కొసన రక్తపు చుక్క. నొప్పి. నిజంగా నొప్పి పుట్టింది. ఆ వేలు పట్టుకుని ఆమె కూతురి భుజం మీద వాలిపోయి, ఎనిమిదేళ్ళ ఏడుపంతా ఏడ్చింది. పిల్ల కదలకుండా నిలబడింది. గుండీ ఒక్క దారం మీదే వేలాడుతోంది.

వాళ్ళు బయల్దేరాక కిటికీలోంచి చూసింది. మావగారు రెండు చేతులా ట్రే పట్టుకుని గేటు దాటుతున్నాడు. ఎదురింటాయన ఆపాడు. "ఏంటి పెద్దాయనా, ఇవాళ తేలిపోతుందా తుక్కు ఓడ సంగతి?"

"ఓడ మంచిదేనయ్యా," అన్నాడు ముసలాయన. "మావాడే కాస్త మర్చిపోయాడు. అవతల కూతురికి జ్వరం కదా."