చీర పెట్టి అడిగిన వేలిముద్ర

ఎండ ఎక్కకముందే సౌభాగ్యమ్మ అరుగు మీద పలకలు ముందేసుకుని కూర్చుంది. మార్కాపురం గనుల్లో తవ్విన పలకరాయి బిళ్ళలు బండి మీద ఆమె వాకిటికి వస్తాయి. ఇసుక చల్లి, నీళ్ళు చిలకరించి, నున్నగా రుద్ది ఇస్తే కూలి ముడుతుంది. మొగుడు పోయి పుట్టింటికి చేరిన నాటి నుంచి అదే ఆమె బతుకుతెరువు. అలాంటిదానికి సౌభాగ్యమ్మ అన్న పేరేమిటని ఎవరైనా చెవులు కొరుక్కుంటే, "పేరు పెట్టింది మా నాయన, పోయింది నా మొగుడు, నడుమ మీకేంది నొప్పి?" అని మొహం మీదే అడిగేది. పాలెంలో ఆమె నోటికి జడవని వాళ్ళు లేరు.

వాకిట్లో బండి ఆగింది. తల ఎత్తి చూస్తే తమ్ముడు కృపాకర్, వెనకే మరదలు యేసుమణి. గిద్దలూరులో బడిపంతులు పని చేసే తమ్ముడు పండగా పబ్బమూ లేకుండా ఎందుకు వచ్చినట్టో ఆమెకు అర్థం కాలేదు. అయినా చేతులకు అంటిన బూడిదరంగు బురద కడుక్కోకుండానే ఎదురు పరుగెత్తింది. తల్లి పోయిన తర్వాత చంకనేసుకుని పెంచిన తమ్ముడు మరి.

కృపాకర్ సంచిలోంచి నీలం చీర తీసి ఆమె చేతిలో పెట్టాడు. జరీ అంచు తళుక్కుమంది.

"ఏందిరా ఇది? ఎవరికి?"

"నీకే అక్కా. ఊరికే పెట్టబుద్ధి అయింది."

సౌభాగ్యమ్మ ఆ చీరను చెంపకు ఆనించుకుంది. నాయన నతానియేలు పోయి రెండేళ్ళయినా తనకంటూ ఒకడున్నాడని కళ్ళు చెమ్మగిల్లాయి. పిచ్చిది, మురిసిపోయింది. గబగబా సజ్జరొట్టెలు కాల్చి, వెల్లుల్లి కారం నూరి ఇద్దరికీ పెట్టింది.

రెండో రొట్టె తుంచుతూ కృపాకర్ గొంతు సవరించుకున్నాడు. "ఇల్లు బేరం పెట్టినా అక్కా. ఊళ్ళో మాలకొండయ్య కొంటాడంట. బండ్లబాట పక్కనే ఉంది గదా, శెనక్కాయల కొట్టు చేసుకుంటాడంట. మేము గిద్దలూరులో పెంకుటిల్లు కొనుక్కుందామని. నీవు మాతోనే ఉందువు."

సౌభాగ్యమ్మ చేతిలో అట్లకాడ ఆగిపోయింది.

"నన్నొక మాట అడగకుండానే?"

"ఆడబిడ్డను అడిగి ఇల్లమ్మేవాళ్ళు ఈ చుట్టుపక్కల ఎవరున్నారక్కా? సాక్షిగా నీ వేలిముద్ర ఒకటి వేస్తే చాలు. ఇప్పుడే వస్తారు వాళ్ళు."

వాడన్నదీ అబద్ధం కాదు. ఆ పాలెంలో తాతల నాడు దేవుడు మారాడు, పేర్లు మారాయి, పెళ్ళి మంత్రాలు పోయి పాటలు వచ్చాయి. ఆస్తి పంపకాలు మాత్రం ఊళ్ళో రైతుల ఇళ్ళలో ఎలా సాగుతాయో ఇక్కడా అలాగే సాగేవి. కొడుకులకు ఇల్లూ చేనూ, కూతుళ్ళకు ఒక చీర. అదే లోకరీతి అని అందరూ నమ్మారు, సౌభాగ్యమ్మతో సహా.

కానీ గిద్దలూరు మాట వినగానే ఆమె గుండె జారింది. యేసుమణి పురుడప్పుడు తాను అక్కడ ఆరు నెలలున్నది. వంట, చాకిరీ, చంటిపిల్ల గుడ్డలు, అన్నీ ఆమెవే. దానికి బాధ లేదు. తలకు నూనె కావాలన్నా మరదలి మొహం చూడాల్సి వచ్చేది, అదీ బాధ. ఇక్కడ రాయి రుద్ది సంపాదించిన డబ్బుతో ఆమె నూనె ఆమె కొనుక్కుంటుంది. ఈ ఇల్లు పోతే ఆ అరుగు పోతుంది, అరుగు పోతే కూలి పోతుంది, ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఒకరి వంటింట్లో మూల.

ఆమె నోరు తెరిచేలోగా మాలకొండయ్య వచ్చేశాడు. వెంట దస్తావేజులు రాసే లక్ష్మీనరసయ్య. కృపాకర్ వాకిట్లో మంచం వాల్చాడు. మాలకొండయ్య ఆ ఇల్లు కొంటాడు గానీ ఆ ఇంట్లో నీళ్ళు తాగడు. అందుకే సౌభాగ్యమ్మ చెంబు తెచ్చే పని పెట్టుకోలేదు.

లక్ష్మీనరసయ్యది ఒక పద్ధతి. కలం సిరాలో ముంచేముందు అమ్మేవాళ్ళను ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచి, నోటితో ఒప్పుకున్నాకే రాస్తాడు. కృపాకర్‌ను అడిగాడు. తర్వాత ఇటు తిరిగాడు.

"సౌభాగ్యమ్మా, నీ వాటా నీ ఇష్టపూర్వకంగానే అమ్ముతాండావు గదా తల్లీ?"

"నా వాటానా?"

"అవును. మీ కిరస్తానపోళ్ళకు చట్టం వేరమ్మా. తండ్రి ఏదీ రాయకుండా పోతే కొడుక్కెంతో కూతురికీ అంతే. కర్నూలు వకీళ్ళే చెప్పినారు. నిన్న పంతులుకు చెప్తినే, అక్క చెయ్యి పడకుంటే రిజిస్టరు కాదని!"

కృపాకర్ తల వంచుకున్నాడు. సౌభాగ్యమ్మకు అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. తమ్ముడి రాక, ఆ చీర, తాను చెంపకు ఆనించుకోవడం. సిగ్గుతో ఆమె ఒళ్ళంతా మండింది.

లోపలికి వెళ్ళి చీర తెచ్చి వాడి ఒళ్ళో పడేసింది.

"ఊరికే పెట్టబుద్ధి అయిందా రా? సాక్షినా నేను?"

"అక్కా, నలుగురిలో ఏంది ఇది? సాక్షి అన్నా వాటా అన్నా ఇంట్లో వాళ్ళమే గదా. నాయన ఉంటే నీవు ఇట్ల మాట్లాడుదువా?"

"నాయన ఉంటే నీవు ఇల్లమ్ముదువా? ఆయన మంచాన పడితే ఎత్తి పోసింది ఈ చేతులు. చూరు కారితే బోదగడ్డి కోసి తెచ్చి కప్పించింది ఈ చేతులు. అప్పుడు ఏ లెక్కా అడగలా. ఇయ్యాల అడుగుతాండా. నా వేలు పడదు, పో!"

యేసుమణికి పెంకుటిల్లు కళ్ళముందే కూలిపోతున్నట్టు అనిపించింది కాబోలు, కొంగు బిగించి ముందుకొచ్చింది. "ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు లోకంలో నీ ఒక్కదానికేనా వదినా వాటా? నేను అడిగినానా? పోయినేడు మా నాయన పోయినాక బేస్తవారిపేటలో మా అన్నలు చేను అమ్మలేదా? నాకూ చీర పెట్టినారు. మారుమాట లేకుండా వేలిముద్ర వేసి వచ్చినా!"

"దేనికి వేసినావు?"

"సాక్షిగా..."

యేసుమణి ఆ మాట పూర్తి చేయలేకపోయింది. అప్పుడు మెల్లగా లక్ష్మీనరసయ్య వైపు తిరిగింది. "అయ్యా, సాక్షికి చీర పెడతారా?"

"సాక్షికి ఆకూ వక్కా పెడితే గొప్ప తల్లీ. అయినా తోడబుట్టినదాన్ని సాక్షిగా ఎవరు పిలుస్తారు? నీవు వేసింది వాటా వదులుకున్న ముద్ర."

యేసుమణి అరుగు మీద కూలబడింది. కృపాకర్ మంచం మీంచి చివుక్కున లేచాడు. కోపంతో వాడి మెడ నరాలు పొంగాయి.

"దొంగ నాయాళ్ళు! నాతో ఒక్క మాటన్నా అనలేదే! నా పెండ్లాం అమాయకురాలని చీర ముక్క చేతిలో పెట్టి వేలు పట్టుకుని వేయించుకుంటారా? తోడబుట్టినదాన్ని ఇంత మోసం చేసేటోళ్ళు మనుషులేనా? రక్తసంబంధమని కూడా..."

మాలకొండయ్య దగ్గాడు. కృపాకర్ తన చేతుల్లోకి చూసుకున్నాడు. లేచే తొందరలో వాడు ఆ నీలం చీరను రెండు చేతులా పట్టుకునే ఉన్నాడు. తానన్న మాటలు తన చెవిలోనే పడ్డాయి. మళ్ళీ మంచం మీద కూర్చున్నాడు.

సౌభాగ్యమ్మకు వాణ్ణి చూస్తే జాలేసింది. కోపం మాత్రం పోలేదు. రెండూ ఒకచోటే ఉండొచ్చని ఆమెకు ఆ రోజే తెలిసింది. ఆమె మాలకొండయ్య ముందుకు నడిచి నిలబడింది.

"అయ్యా, ఈ ఇంట్లో సగం వాడిది. అమ్ముకుంటే కొనుక్కో, నేను అడ్డం రాను. నా సగంలో నేనుంటా. నడుమ గోడ నేనే పెట్టుకుంటా."

"సగం ఇంట్లో నా శెనక్కాయలు పట్టవమ్మా," అంటూ మాలకొండయ్య లేచాడు. నాలుగడుగులు వేసి లక్ష్మీనరసయ్య చెవిలో గొణిగాడు. "మా ఇంట్లోనూ ఇద్దరు కూతుర్లుండారు. ఈడ జరిగింది ఆడ చెప్పబాకు సామీ."

వాళ్ళు వెళ్ళిన తర్వాత కృపాకర్ అక్క వైపు తిరిగాడు. "ముందు నాకు తెలీదక్కా. నిన్ననే తెలిసింది. తెలిసినాక నిన్ను అడగాలంటే భయమేసింది. అడిగితే ఇయ్యనంటావని."

"ఇయ్యననే అందును," అంది సౌభాగ్యమ్మ. "కానీ అడిగినావని సంతోషపడుదును రా. ఈ ఇంట్లో నేనూ ఒక మనిషినేనని ఒక్కడన్నా అనుకున్నాడని సంతోషపడుదును."

కృపాకర్ మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. ఇరవై మంది పిల్లలను బెత్తంతో అదిలించే పంతులు, చిన్నప్పుడు ముల్లు గుచ్చుకుంటే ఏడ్చినట్టు ఏడ్చాడు. సౌభాగ్యమ్మ ఊరుకోమనలేదు. ఏడవనిచ్చింది. తను వెళ్ళి యేసుమణి పక్కన కూర్చుంది.

"మా అన్నలు నన్నట్ల చేసినారా వదినా?" అంది యేసుమణి వెక్కుతూ. "నేనా చీర కట్టుకుని చర్చికి పోయినా. మా అన్నలు పెట్టినారని అందరికీ చూపించుకున్నా."

"నేనూ చెంపకు పెట్టుకున్నా గదే," అంది సౌభాగ్యమ్మ. మరదలి తల తన భుజానికి ఆనించుకుంది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి వాళ్ళిద్దరూ అంత దగ్గరగా కూర్చోవడం అదే మొదలు.

కాసేపటికి ఆమె లేచి కొంగు దులిపింది. "ఏడ్చింది చాలు, మొగం కడుక్కో. మధ్యాన్నం రైలు కంభం పోతాది. ఆడ దిగితే బేస్తవారిపేట ఎంతసేపు?"

"ఎందుకు వదినా?"

"అడగనిదే అమ్మయినా పెట్టదు. మీ అన్నలు పెడతారా? పద, పోయి అడుగుదాం. ముద్ర పోతే పోయె, నోరు పోలేదు గదా. ఇయ్యకుంటే కర్నూలు వకీలు దగ్గరికి పోదాం."

"ఆళ్ళు కొట్టొస్తే?"

"రానీ. నేనుండా గదా."

కృపాకర్ కళ్ళు తుడుచుకుని నిలబడ్డాడు. "నేనూ వస్తానక్కా."

సౌభాగ్యమ్మ వాణ్ణి ఎగాదిగా చూసింది. "నీవొచ్చి ఆళ్ళకు ఏం చెప్తావురా? ఏ మొగం పెట్టుకుని చెప్తావు?"

"ఈ పొద్దున నేను నీకేం చెయ్యబోయినానో అదే చెప్తా," అన్నాడు కృపాకర్. "ఆళ్ళ ముందర, ఆళ్ళ ఊరోళ్ళ ముందర, దాచకుండా చెప్తా."

సౌభాగ్యమ్మ లోపలికి వెళ్ళి, మిగిలిన రొట్టెలు ముగ్గురికీ సరిపడా మూట కట్టింది.