రెండోసారి పిలుపు

మార్చి పన్నెండు. మధ్యాహ్నం పన్నెండు దాటి పది నిమిషాలు...

క్షుద్రానికి అర్ధరాత్రి కావాలంటారు. కురోమినె కొండ మీద అది అబద్ధం. చలికాలం పోతూ వసంతం ఇంకా రాని ఆ రోజుల్లో ఆ కొండకు కాళరాత్రి మిట్టమధ్యాహ్నమే. ఎండ నెత్తికెక్కుతుంది... మంచు బరువెక్కుతుంది... దాని అడుగున నీరు పారుతుంది. వాలు మీది మంచు మొత్తం నేలను వదిలేయడానికి ఒక్క సాకు కోసం చూస్తుంటుంది.

ఆ వాలు కింద, దేవదారుల చీకటిలో, మంచులో తవ్విన గుహలో మాంత్రికుడు గెన్సాయ్ కూర్చుని ఉన్నాడు. ఎదుట నక్క కొవ్వు దీపం. దీపం వెనక ఒక స్త్రీ కపాలం!

అది కినుయోది. కొండ మీది స్కీ మైదానానికి కాపలా కాసే జింపాచి భార్య. మూడేళ్ల క్రితం ఇదే రోజున మంచు చరియ కింద పోయింది. మంచు కరిగాక మొండెం దొరికింది. తల దొరకలేదు.

ఏటా మార్చి పన్నెండున కొండదేవత తన చెట్లను లెక్కపెట్టుకుంటుంది. ఆ రోజు ఊరివాళ్లెవరూ ఆమె అడవిలో అడుగుపెట్టరు. పెట్టినవాడు చెట్టుగా లెక్కలో పడతాడు. లెక్కలో పడ్డవాడు కొండకే చెందుతాడు. శక్తుల మీద ఆశతో నలభై రెండేళ్ల క్రితం ఆ రోజునే అడవిలో దీక్ష పట్టిన గెన్సాయ్ లెక్కలో పడ్డాడు. అప్పటినుంచి మూడేళ్లకొకసారి తన బదులు ఇంకొక ప్రాణాన్ని అప్పగించి బతుకుతున్నాడు. గడువు ఈ రోజు ఒంటిగంటకు తీరిపోతుంది.

స్కీ మైదానానికీ అడవికీ మధ్య ఉన్నది ఒక్క ఎర్ర తాడు. పట్నంలో ఉండే యజమాని ఈ రోజున కూడా జనాన్ని పైకి మోసే లిఫ్టు ఆపనివ్వడు. ఊరివాళ్లు పనికి రారు. జింపాచి వస్తాడు. తాడు దగ్గర ఎవరో ఒకరు ఉండాలి.

పొద్దున స్కీ ఆటకు వచ్చినవాళ్లను నిలబెట్టి జింపాచి చెప్పవలసినవన్నీ చెప్పాడు. తాడు దాటకూడదు. మంచు బీట వారి కనిపిస్తే వెనక్కి తిరగాలి. ఇద్దరిద్దరుగా ఉండాలి. పన్నెండు కొట్టేసరికి కిందికి దిగిపోవాలి. చివరి మాట కోసం గొంతు సవరించుకున్నాడు.

"పేరు పెట్టి ఒక్కసారే పిలిస్తే పలకొద్దు. మనిషైతే రెండోసారి కూడా పిలుస్తాడు. అవి పిలవలేవు."

సెండాయ్ నుంచి వచ్చిన టీచరమ్మ చినాత్సు నవ్వింది. "మా హెడ్‌మాస్టరు ఒక్కసారే పిలుస్తాడు తాతా. ఆయనా దెయ్యమేనా?"

"పలికి చూడు, తెలుస్తుంది."

"పొద్దున్నే పెళ్లాం అన్నం పెట్టలేదేమోనే తాతకి," అని ఆమె స్నేహితురాలు మసుమి గొణిగింది.

జింపాచి విన్నాడు. ఇంట్లో ఆయన కూడా భార్యను ఒక్కసారే పిలిచేవాడు. రెండోసారి పిలవడం చిన్నతనం అనుకునేవాడు. ఆ ఒక్క పిలుపుకే చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొచ్చేలా ఆమెను అలవాటు చేశాడు. మూడేళ్ల క్రితం అడవిలోంచి ఒక్క పిలుపు వినిపించినప్పుడు ఆమె మొగుడే అనుకుంది. పలికింది.

పన్నెండుకు మసుమి కాలు నొప్పి అని నూడుల్స్ కొట్లో కూలబడింది. చినాత్సు ఆఖరిసారి అంటూ ఒంటరిగా పైకి వెళ్లింది. పొద్దుటి నుంచీ మసుమి కొండంతా వినిపించేలా అరుస్తున్న ఆ పేరు గెన్సాయ్‌కు ఎప్పుడో తెలిసిపోయింది. కపాలం చెవి దగ్గర దాన్ని ఊదాడు. దీపం నీలంగా మారింది... కాకులు అరుపు ఆపాయి...

"చినాత్సు."

అచ్చం మసుమి గొంతు.

"ఆఁ, వస్తున్నానే."

ఆ మాటతో ఆమె కళ్లలో వెలుగు పోయింది. స్కీలు విప్పేసింది. తాడు కింద నుంచి దూరి, నిద్రలో నడిచినట్టు వాలుకు అడ్డంగా నడిచింది. జింపాచి చూశాడు. ఈల వేశాడు. ఆమె వినలేదు. ఆమె కాళ్ల ముందు మంచు బీట వారింది... జానెడు... మూరెడు... లోపల నల్లటి నేల!

పరుగెత్తి ఆపుదామంటే ఆయన బరువుకే వాలు జారిపోతుంది. మిగిలింది గొంతు ఒక్కటే.

"చినాత్సు!"

ఆమె ఆగలేదు. ఒక్కసారే పిలిచే ఏళ్లనాటి అలవాటు ఆయన గొంతుకు అడ్డం పడింది. పళ్లు కొరికాడు.

"చినాత్సు!"

ఆ రెండో పిలుపుకు ఆమె కళ్లలో వెలుగు తిరిగొచ్చింది. బీట అంచున ఆగింది. కాళ్ల కింద చూసుకుంది. ఏడుపు అందుకుంది.

"ఏడవకు. నీ అడుగుల్లోనే అడుగులేస్తూ వెనక్కి రా. దూకొద్దు."

ఇరవై మూడు అడుగులు. చెయ్యి అందగానే ఆయన ఆమెను తాడు ఇవతలికి లాగి పడేశాడు. గడియారం ఒంటిగంటకు రెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

గుహలో గెన్సాయ్ కపాలం చెవిలో ఇంకో పేరు ఊదాడు.

"జింపాచీ."

కినుయో గొంతు... అలసిన, ఆప్యాయమైన గొంతు. జింపాచి పెదవి కొరుక్కున్నాడు. రక్తం వచ్చింది. రెండో పిలుపు కోసం ఎదురుచూశాడు. అది రాదని తెలిసీ ఎదురుచూశాడు.

ఒంటిగంట అయింది.

దీపం ఆరిపోయింది. గెన్సాయ్ ఏ పేరూ ఊదలేదు. అయినా కపాలం దవడ కదిలింది. లోపలినుంచి వచ్చింది కినుయో గొంతు కాదు... వేల చెట్లు ఒక్కసారిగా ఊపిరి పీల్చిన గొంతు.

"గెన్సాయ్."

నలభై ఏళ్లకు పైగా ఎవరూ పిలవని పేరు. మనుషులు మరిచిపోయిన పేరు.

"ఊఁ?" అన్నాడు మాంత్రికుడు.

పలికేశాడు!

వాలు మీది మంచు నేలను వదిలింది. పగలే పిడుగు పడ్డట్టు కొండ అదిరింది. చెట్లు విరిగాయి... గుహ లేదు, దీపం లేదు, వాడు లేడు. కేక కూడా బయటికి రాలేదు. లెక్క సరిపోయింది.

మంచు ధూళి అణిగేసరికి చినాత్సు జింపాచి చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. కిందికి పొమ్మని, ఆ మసుమిని ఇకమీదట కొండల మీద నోరు అదుపులో పెట్టుకోమని చెప్పి పంపించేశాడు.

తర్వాత తాడు దగ్గర ఒక్కడే నిలబడ్డాడు. టోపీ తీశాడు.

"కినుయో," అని పిలిచాడు. కాసేపు ఆగి, "కినుయో," అని మళ్లీ పిలిచాడు.

మూడేళ్లు ఆలస్యమైంది. కొండ పలకలేదు.