కాశయ్య పడుకోవలసిన స్ట్రెచర్

"ఆరుగురికి ఆరుగురు. లిస్టు అవతలికి పోయింది, ఏడో పేరు ఎక్కదు," అన్నాడు చీఫ్ సోమయ్యతో. "అందుకని నువ్వే కాశయ్యవు."

1948 ఆగస్టు. గాయపడ్డ బందీలను మార్చుకోవడానికి నిజాం పోలీసులూ సంఘం దళమూ ఒప్పుకున్నారు. ఇబ్రహీంపట్నం నుంచి లారీలో హయత్‌నగర్, అక్కడి నుంచి పట్నం దవాఖాన. పోరు చల్లారితే తుపాకుల బేరం చెడుతుందని ఒక విదేశీ ముఠా ఆ లారీలో టైంబాంబు పెడుతోంది. పేలితే నింద దళానిది. బందీ వేషంలో లారీ ఎక్కి దాన్ని ఆపడం దళం ఏజెంట్ సోమయ్య డ్యూటీ.

పక్కన చాప మీద అసలు కాశయ్య ఉన్నాడు. దళానికి చిక్కిన పోలీసు జవాను, పొట్టలో తూటా.

"నన్నెప్పుడు పంపుతరన్నా?"

"రేపటి లారీల," అన్నాడు సోమయ్య. రేపు లారీ ఉందో లేదో అతనికే తెలియదు. చెప్పాక సిగ్గేసింది.

ముఖానికి కట్టు, కాలికి బద్ద, బద్దలో వైర్ కట్టర్. లారీలో నర్సు సుసన్న కనిపించింది. ముఠా జీతం తింటూ దళానికి కబుర్లు చేరవేసే అందగత్తె.

"నొప్పి యాడున్నదన్నా?"

"మోకాల్ల. ఎండకు ఎక్కువైతది."

కోడ్ కుదిరింది. ఆమె చూపు మందులపెట్టె మీద వాలి, తప్పుకుంది.

మన్నెగూడ దగ్గర తెల్లకోటు వేసుకున్న విదేశీ దొర ఒకడు జీపులో వచ్చి లారీ ఆపించాడు. వేషం డాక్టరుది, మనిషి ముఠా నాయకుడు. కట్టు సందున సోమయ్య కళ్లు చూసి అనుమానపడ్డాడు. రోడ్డు పక్కన కొడుకు కోసం కూర్చున్న ముసలామెను పైకి రప్పించాడు. కాశయ్య తల్లి నర్సింహమ్మ.

"ఇతను నీ కొడుకేనా?"

దొర చెయ్యి పిస్తోలు మీద ఉంది. నర్సింహమ్మ సోమయ్యను చాలాసేపు చూసింది.

"అవ్. నా బిడ్డనే."

కొంగుతో అతని మెడ తుడుస్తూ చెవిలో అడిగింది. "నువ్వు సస్తె ఆన్ని ఇడువరని అట్లన్న. మా కాశిగాడు పానంతోని ఉన్నడా?"

"ఉన్నడవ్వా. రేపొస్తడు."

అదే అబద్ధం రెండోసారి ఇంకా సులువుగా వచ్చింది. అందుకే ఈసారి సిగ్గు ఎముకలదాకా పాకింది.

దొర నర్సింహమ్మను దింపి, తనూ దిగి జీపెక్కాడు. లారీ కదిలింది.

"ఎంత టైముంది?"

"రెండు నిమిషాలు," అంది సుసన్న.

సోమయ్య లేచి పెట్టె తెరిచాడు. దూది కింద గడియారం, గడియారం కింద వైర్లు. రెండు తెగాయి. మూడోది కట్టర్‌కు లొంగలేదు, పళ్లు కరుచుకుని మెలితిప్పాడు. ముల్లు మూడు సెకన్ల దూరంలో ఆగిపోయింది.

అయిదుగురు జవాన్లు స్ట్రెచర్ల మీదినుంచి అతని కాళ్లకేసే చూస్తున్నారు.

"మంచిగనే నిలవడ్డవ్," అన్నాడొకడు. "మరి కాశయ్య యాడ?"

సోమయ్య తల దించుకుని, మలుపులో దూకేశాడు.

దొర సాయంత్రానికి దళానికి దొరికాడు. గాయపడ్డవాళ్ల మధ్య గూఢచారిని దూర్చారని పోలీసులు మార్పిడి రద్దు చేశారు. రెండో లారీ రాలేదు. కాశయ్య మూడో రోజు పోయాడు.

మన్నెగూడ దారిన పోవడానికి సోమయ్యకు మొహం చెల్లలేదు. చీఫ్ మాత్రం భుజం తట్టి రిపోర్టు రాశాడు: "బందీ కాశయ్య క్షేమంగా అప్పగింత. స్వయంగా తల్లే గుర్తుపట్టింది."